పునాది త్రవ్వుటకు ముందు వాగును చూడుడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు చెప్పిన మాట ప్రతి రైతునకును తెలిసినదే. కట్టడమునకు ధనము వలయును, రాయి వలయును, ఇసుక సిమెంటులు వలయును, వీనినన్నిటిని కూర్చుకొనుటకు ఓపిక వలయును. అయితే ఈ లెక్కలో సాధారణముగా చేరని పద్దు ఒకటి కలదు. అది నీటిదారి. కట్టబోవు స్థలమునకు వానకాలమందు నీరు ఎటునుండి వచ్చును, ఎటు పోవును, ఆ నీటిని నమ్ముకొని యెవరెవరు బ్రదుకుచున్నారు అను విచారణ పునాది త్రవ్వుటకు ముందే జరుగవలెను. పిదప జరిగినచో అది విచారణ గాక విచారమే యగును.

ఇపుడు మన సహకార సంఘములు ధాన్యపు గోదాములు కట్టుచున్నవి. వడ్లు ఆరబోయుటకు సిమెంటు కల్లములు వేయుచున్నవి. గ్రామములవారు పొలములకు బండ్లబాటలు తీర్చుచున్నారు, ఒర్రెలకు అడ్డముగ చెక్ డ్యాములు కోరుచున్నారు. ఇవన్నియు మనకు కావలసినవే. వీనిని వలదనుటకు మేమీ వ్యాసము వ్రాయుటలేదు. పూర్వపు కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు 2016 అక్టోబరులో పెక్కు జిల్లాలుగా విడిపోయినను, గోదావరి, మానేరు, కడెము, పెద్దవాగు, ప్రాణహితలు మాత్రము విడిపోలేదు. ఎగువ గ్రామమున వేసిన రాయి దిగువ గ్రామపు నీటిని తాకుచునే యున్నది. కావున ఎగువవారి కట్టడము దిగువవారికిని సంబంధించిన విషయమే.

చెరువునకు చెరువు చుట్టము

కాకతీయుల కాలమునుండి మన నేలలో చెరువులు గొలుసుకట్టుగా ఏర్పడినవి. పై చెరువు నిండి మత్తడి దూకిన నీరు వాగున బడి క్రింది చెరువునకు చేరును. అది నిండి దాని క్రిందిదానిని నింపును. ఈ గొలుసులో ఒక లంకె తెగినచో దాని క్రిందనున్న చెరువులన్నియు నష్టపోవును. కట్టయు తూమును బాగుగనే యుండును, చెరువు మాత్రము నిండదు. కారణము వెదకగా రెండు మైళ్ళ ఎగువన కట్టుకాలువమీద ఎవరో ఒక ప్రహరీ కట్టియుందురు, లేదా బాటకొరకు మొరము పోసి కాలువను పూడ్చియుందురు.

గోదామునకు స్థలము వెదకునపుడు సంఘములవారి కన్ను మొదట శిఖము భూమిమీదను, వాగు ఒడ్డుననున్న ఖాళీ నేలమీదను పడుట సహజము. ఏలయన ఆ భూమి కొనవలసిన పనిలేదు, బాటకును దగ్గర, ఎండకాలమున చదునుగా నుండును. ఆ నేల ఖాళీగా నున్నట్లు మనకు తోచుటకు కారణము, దాని యజమాని అపుడు అచట లేకపోవుటయే. ఆ యజమాని ఆషాఢ శ్రావణములలో వచ్చును. వచ్చి తన స్థలమును తాను అడుగును. అపుడు గోదాములోని వడ్ల బస్తాలు తడియును, ఎరువుల బస్తాలు కరగి చెరువునీటిలో కలియును, పురుగుమందు డబ్బాలు తేలిపోవును. సంఘపు నష్టము ఒకటి, చెరువులోని చేపల నాశము రెండవది, ఆ నీరు త్రాగు పశువుల గతి మూడవది.

ఈ విషయమున చట్టము కూడ కలదు. నీరు, భూమి, చెట్ల రక్షణ కొరకు 2002లో ఉమ్మడి రాష్ట్రమున వాల్టా చట్టము చేయబడినది. 2012 ఏప్రిలులో వెలువడిన కట్టడపు నిబంధనలు 10 హెక్టారులు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లును, అంతకు చిన్నవగు చెరువులు కుంటల హద్దునుండి 9 మీటర్లును, 10 మీటర్లకు మించిన వెడల్పుగల వాగుల అంచునుండి 9 మీటర్లును విడువవలెనని విధించినవి. అధికారులు ఎఫ్.టి.ఎల్. అని వ్రాయునది ఈ పూర్తి నీటిమట్టపు హద్దే. నేడు మీ గ్రామమునకు వర్తించు కొలతలను పంచాయతీ కార్యాలయమునందును, నీటిపారుదల శాఖవారి యొద్దను అడిగి, కాగితముమీద వ్రాయించుకొనుట మంచిది. చట్టము చెప్పినది కనీసపు కొలత మాత్రమే యని సభ్యులు గ్రహింతురుగాక. నేల వాలును బట్టి అంతకంటె నెక్కువ విడువవలసి రావచ్చును.

కడెము చెప్పిన పాఠము

నీటికి చాలినంత త్రోవ విడువకున్న నేమగునో తెలిసికొనుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. కడెము నది బోథు ప్రాంతపు గుట్టలలో పుట్టి, కుంటాల వద్ద జలపాతమై దూకి, అడవులగుండ ప్రవహించి గోదావరిలో కలియును. దానిమీద 1949లో ప్రాజెక్టు పని ఆరంభమైనది. 1958లో వచ్చిన వరదకు అప్పటికున్న ద్వారములు చాలక కట్ట తెగిపోయెను. తరువాత ద్వారములను పెంచి మొత్తము 18గా చేసి, 1965 నాటికి పని ముగించిరి.

అంతటితో కథ ముగియలేదు. 2022 జూలై నెలలో కడెమునకు 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. ద్వారములన్నియు తెరచినను పోగలిగినది సుమారు 3 లక్షల క్యూసెక్కులు మాత్రమే. ఒక ద్వారము లేవనేలేదు. వరదలో కొట్టుకొనివచ్చిన చెట్లును దుంగలును ద్వారములయొద్ద చిక్కుకొనెను. నీరు ద్వారముల పైనుండియే పొర్లినది. దిగువ గ్రామములవారిని రాత్రికి రాత్రి ఇండ్లు విడిపించి సురక్షిత స్థలములకు పంపవలసి వచ్చెను. ఒకే నది, ఒకే స్థలము, మధ్య 64 సంవత్సరములు. మనుష్యులు మరచినను నది తన కొలతను మరువదు.

ప్రాజెక్టు కట్టుట మన సంఘముల పని కాకపోవచ్చును. అయినను మన ఊరి ఒర్రెమీది కల్వర్టునకును అదే న్యాయము. ఒక చిన్న లెక్క వేయుదము. ఒక ఎకరముమీద ఒక సెంటీమీటరు వాన కురిసినచో సుమారు 40 వేల లీటర్ల నీరగును. మీ ఒర్రెకు నీరు చేర్చు నేల 100 ఎకరములనుకొనుడు. ఒక దినమున 10 సెంటీమీటర్ల వాన కురిసినచో ఆ నేలమీద పడిన నీరు 4 కోట్ల లీటర్లు. అందు సగము నేలలో ఇంకినదనుకొన్నను 2 కోట్ల లీటర్లు ఆ కల్వర్టు క్రిందుగా పోవలెను. అట్టి వాన మన జిల్లాలలో అరుదు కాదు. ఒక అడుగు వెడల్పుగల గొట్టములు రెండు వేసి, పైన మొరము పోసి, పని తీరినదనుకొనువారు ఈ లెక్కను ముందు వేయవలెను.

గొట్టము వేయుటలో మెలకువ

గొట్టపు వెడల్పు రెండింతలైనచో దాని నోరు నాలుగింతలగును. కావున నాలుగు చిన్న గొట్టములకంటె ఒక పెద్ద గొట్టము మేలు. చిన్న గొట్టములలో కంపయు చెత్తయు సులభముగ అడ్డుపడును. అడ్డుపడిన నీరు బాటను తెంపును, లేదా ప్రక్క పొలమున బడి మడిని కోసికొనిపోవును. సాధ్యమైనచోట వాగు అడుగును కదల్చక, ఇరుప్రక్కల గోడలు లేపి, పైన పలక వేసిన కల్వర్టు అన్నిటికంటె మేలైనది.

ఇంకొక సంగతి మన మేస్త్రీలు సాధారణముగా తలపెట్టనిది. తొలకరి వానలకు చేపలు ప్రవాహమునకు ఎదురెక్కి, గ్రుడ్లు పెట్టుటకు కుంటలకును పొలములకును పోవును. గొట్టము అడుగు వాగు అడుగుకంటె ఒక మూర యెత్తున నున్నచో నీరు అచటనుండి క్రిందికి దూకును. ఆ దూకుడును చిన్న చేప యెక్కజాలదు. ఏటికేడాది చేపలు తగ్గుచున్నవని చేపల సంఘములవారు వాపోవుటకు గల కారణములలో ఇదియు ఒకటి. దీనికి మందు సులభము. గొట్టము అడుగును వాగు అడుగుకంటె కొంచెము లోతుగా దించి, దానిలో వాగు ఇసుకయు గులకరాళ్ళును నిలుచునట్లు చేయవలెను. పని ఆరంభమునందు ఇందుకగు అదనపు కర్చు కొన్ని గంటల త్రవ్వకము. బాట పూర్తియైన పిమ్మట దీనిని సరిచేయవలెనన్న బాటనంతయు పగులగొట్టవలెను.

చెరువు అంచులందలి జమ్ము, తుంగ, గడ్డి వ్యర్థములని తలంచి, సుందరముగా నుండుటకై చుట్టును రాతిగోడ కట్టించు పద్ధతి ఇటీవల ప్రబలుచున్నది. ఆ జమ్ములోనే కొరమీను గూడుకట్టి పిల్లలను కాచుకొనును. ఆ తుంగయే పొలములనుండి వచ్చు ఒండ్రును పట్టి నిలుపును. ఆ చిత్తడి నేలలోనే కప్పలు పెరిగి మన మళ్ళలోని పురుగులను తినును. నత్తగుల్లకొంగలు దిగి నత్తలను ఏరుకొనును. కూలి అడుగని ఈ పనివాండ్రను మనమే వెడలగొట్టి, పిదప పురుగుమందునకు అప్పు చేయుట తెలివిగల సేద్యము కాదు. కట్టవైపు రాయి పేర్చుట అవసరము. ఎగువవైపు పల్లపుటంచును మాత్రము ఉన్నదున్నట్లు విడువవలెను.

ఇసుక, మట్టి, రాయి

కట్టడము నిలుచు స్థలము ఒకటి. దానికి వలయు సామగ్రి తెచ్చు స్థలము మరియొకటి. రెండవచోట జరుగు నష్టము మొదటిదానికంటె నెక్కువగా నుండవచ్చును.

వాగులోని ఇసుక నీటిని దాచు గాదె. ఇసుక పరిమాణమున ఇంచుమించు మూడవవంతు ఖాళీ. ఆ ఖాళీలోనే నీరు నిలిచి వేసవిలో ఒడ్డుబావులకు ఊరును. గోదాము కట్టుటకై వాగును రాయి తేలువరకు గోకినచో, బావి ఎండిన రైతు గోదాములో పెట్టుటకు వడ్లు తేలేడు. కావున ఇసుకను అనుమతియున్నచోట, అనుమతించిన లోతువరకే తీయవలెను. ఒడ్లను, వంతెన కాళ్ళ సమీపమును ముట్టరాదు.

మంథనికి సమీపమున గోదావరి తీరమున శివారము అభయారణ్యము 1978లో ఏర్పడినది. అచటి మొసళ్ళు వేసవిలో ఒడ్డున గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును. సరిగ్గా ఆ నెలలలోనే ఇసుక బండ్లు నదిలోనికి దిగుట వాడుక. నది ఒడ్డున పని పెట్టుకొనువారు ఏ మాసమున ఏ జంతువు పిల్లలను చేయునో అటవీశాఖవారినడిగి పనుల తేదీలను నిర్ణయించుకొనవలెను.

రాతి విషయమును అట్టిదే. బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్టమీద పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టుచున్నట్లు 2013లో బయటపడినది. దేశమంతట రాబందులు అంతరించు దశకు వచ్చిన కాలమున ఇది మన ప్రాంతమునకు దక్కిన భాగ్యము. చచ్చిన పశువును తిని ఊరిని శుభ్రపరచు ఆ పక్షి, గూటికి దగ్గర తోటాలు ప్రేలినచో గుట్టనే విడిచిపోవును. రాయి వేరొకచోట దొరకును. అట్టి గుట్ట దొరకదు.

చెరువు ఒండ్రునకు మాత్రము వేరు న్యాయము. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో చెరువుల ఒండ్రు తీసి పొలములకు తోలుకొన్న రైతులు దాని బలము నెరుగుదురు. ఒండ్రును కట్టమొదటికి దూరముగా, తట్టు తట్టుగా, సమముగ తీయుట మంచిది. కట్ట ప్రక్కనే లోతుగ త్రవ్విన కట్ట బలహీనపడును. అడుగున నున్న జిగటమట్టి పొరను చీల్చిన చెరువు నీరు నిలుపదు.

అడవిమృగముల బాట

ఆదిలాబాదు వైపు పోవుకొలది మరియొక విచారణ చేరును. కవ్వాల అడవి 1965లో అభయారణ్యముగను, 2012లో పులుల రక్షిత ప్రదేశముగను ప్రకటింపబడినది. మహారాష్ట్రమందలి తడోబా అడవులనుండి పులులు కాగజునగరము, ఆసిఫాబాదు అడవులగుండ ఇటు వచ్చుచుండును. వాని బాటలు చాలవరకు వాగులవెంటనే యుండును. ఏలయన వాగున నీరును, ఒడ్డున చెట్ల చాటును, దుప్పులును దొరకును. కావున వాగునకు విశాలమైన వంతెన కట్టినచో నీటికిని మృగమునకును ఒకే ఖర్చుతో త్రోవ దొరకును.

ఇది జరుగని పని కాదు. నిర్మలు, ఆదిలాబాదులగుండ నాగపురమునకు పోవు 44వ జాతీయ రహదారి, నాగపురమునకు ఉత్తరమున పెంచ్ అడవిని దాటుచోట దానిని వెడల్పు చేయుటపై పెక్కు వాదోపవాదములు జరిగినవి. తుదకు మహారాష్ట్ర భాగమున మృగములు క్రిందుగా పోవుటకు 9 కట్టడములు నిర్మించిరి. అందు చిన్నది 50 మీటర్లు, పెద్దది 750 మీటర్లు. 2019లో అచట అమర్చిన కెమెరాలలో పులులు, దుప్పులు, అడవికుక్కలు ఆ వంతెనల క్రిందుగా నడచిపోవుట కనబడినది. పైన లారీలు, క్రింద మృగములు, ఒకదానికొకటి అడ్డములేదు.

"పందులు, కోతులు మా పంటను నాశనము చేయుచుండ, మృగములకు త్రోవ విడువుమందురా?" యని కొందరు సోదరులు అడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. రాత్రియంతయు మంచెమీద మేలుకొన్నవాని బాధ మేమెరుగుదుము. అయితే అడవిలోని మడుగు ఎండి, వాగు వెంటనున్న బాట మూసికొనిపోయినపుడు ఆ మృగములు పోవు చోటు మన చేలే. త్రోవ విడిచిన మాత్రాన పందుల బాధ పూర్తిగా తీరునని మేము చెప్పజాలము. త్రోవ మూసినచో ఆ బాధ పెరుగునని మాత్రము చెప్పగలము. మరియు పంటనష్టమునకు అటవీశాఖవారికి దరఖాస్తు పెట్టుకొను ఏర్పాటు కలదు. ఆ దరఖాస్తులను వ్రాసిపెట్టుటలో సంఘములు సభ్యులకు తోడ్పడవలెను.

సంఘము చేయవలసిన పనులు

ఏ కట్టడమునకైనను తీర్మానము చేయుటకు ముందు ఈ క్రింది పనులను జరిపింపవలెనని మా సూచన.

1. స్థలమును ఒకమారు ఎండకాలమునందును, ఒకమారు గట్టివాన కురిసిన మరునాడును చూడవలెను. ఊరి నీరటిని, పశువుల కాపరులను, చేపలు పట్టువారిని వెంట తీసికొనిపోవలెను. పటములో లేని ఒర్రె వారికి తెలిసియుండును.

2. గ్రామపటమునందు వాగు, ఒర్రె, కట్టుకాలువ, చెరువు, కుంట, శిఖము హద్దులను గుర్తింపవలెను. స్థలము వానిలో నున్నచో విడిచిపెట్టవలెను.

3. ఊరిలో నెరిగిన మిక్కిలి పెద్ద వరద ఎంతవరకు వచ్చినదో వృద్ధులనడిగి, ఆ గుర్తుకంటె ఎత్తున గోదాము నేలను నిలుపవలెను.

4. దిగువ గ్రామపు పెద్దలకు ముందుగా తెలియజేసి, వారి మాటను పుస్తకమున వ్రాసికొనవలెను.

5. వాగులోని పని రోహిణి కార్తె ముగియులోగా పూర్తిచేసి, మృగశిర నాటికి ఒడ్డుమీద పోసిన మట్టిని, పలకలను తొలగింపవలెను.

6. సిమెంటు కలిపిన పాత్రలను, యంత్రములను వాగులో కడుగరాదు. ఆ సున్నపుపాలు చేపలకు విషము. యంత్రపు నూనెను ఒడ్డునకు దూరముగ నుంచవలెను.

7. ఒడ్డుననున్న మద్ది, కానుగ, ఈత చెట్లను కొట్టరాదు. వాని వేళ్ళే ఒడ్డును పట్టియుంచును.

8. కప్పుమీది నీటిని వృథాపుచ్చరాదు. 30 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పుగల గోదాము కప్పుమీద 5 సెంటీమీటర్ల వానకు 22,500 లీటర్ల నీరు దిగును. దానిని ఇంకుడుగుంతకు మరల్చినచో గోడ మొదలు తడియదు, బావియు నిండును.

పెద్ద ప్రాజెక్టుల విషయమున ఒక మాట. 2006 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఉత్తరువు ప్రకారము, అనేక పెద్ద పనులకు అనుమతి యిచ్చుటకు ముందు జిల్లాలో ప్రజాభిప్రాయ సభ జరుపవలెను. కనీసము 30 దినములు ముందుగా ప్రకటన చేయవలెను. అట్టి ప్రకటన పత్రికలో కనబడినపుడు సంఘ కార్యదర్శి దానిని చదివి వినిపింపవలెను. సభకు పోయిన రైతు "మా వాగు ఇచట కలదు, మా చెరువునకు నీరు ఈ త్రోవన వచ్చును, పశువులు ఇచట దాటును" అని స్థలము పేరుతో చెప్పినచో ఆ మాట రికార్డున చేరును. ఊరకుండినవాని వాగు పటమున కనబడదు.

అధికవ్యయమగునను సందేహము కొందరికి తోచవచ్చును. స్థలమును నాలుగడుగులు జరుపుటకు, గొట్టమును ఒక మూర దించుటకు, నెల ముందుగ పని మొదలిడుటకు అగు ఖర్చు స్వల్పము. తెగిన బాటను మరల పోయుటకును, తడిసిన ధాన్యమును అయినకాడికి అమ్ముకొనుటకును అగు నష్టము సంఘపు వాటాధనమును తినివేయును. ఆ వాటాధనము మన సభ్యుల చెమట.

కాబట్టి రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును ఒక తీర్మానము చేయవలెనని కోరుచున్నాము. వాగును, చెరువును, మృగముల బాటను పరిశీలించిన నివేదిక పుస్తకమున చేరనిదే ఏ కట్టడమునకును సొమ్ము మంజూరు చేయరాదు. ఆ నివేదికకు ఇంజనీరు దొరలే వలయునని లేదు. వాన వెలిసిన మరునాడు ఐదుగురు సభ్యులు కాలినడకన తిరిగి, చూచినది చూచినట్లు వ్రాసి, చేవ్రాలు చేసిన చాలును.